గుట్ట మీది ఎర్రతల తొండ

తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుందని ఎవరైనా అంటే నవ్వి ఊరుకునేదాన్ని. అది సామెత, జంతుశాస్త్రం కాదు. మా డిపార్ట్‌మెంట్ హెడ్ సారు మాత్రం దాన్ని శాస్త్రంగానే తీసుకున్నట్టున్నాడు.

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను నల్లగొండలో ఒక డిగ్రీ కాలేజీలో జువాలజీ గెస్ట్ లెక్చరర్‌ని. గెస్ట్ అంటే ఏటా జూన్‌లో హెడ్ సంతకం పెడితే తప్ప గడప దాటనివ్వని చుట్టం. మా ఆయన కిరాణా దుకాణం అప్పటికే మూతపడింది. ఇల్లు నా జీతం మీదే నడిచేది.

ఆ ఎండాకాలం సారు నందికొండ పోయి, పడవెక్కి, నాగార్జునసాగర్ డ్యామ్ నీళ్ల నడుమ మిగిలిన ఒక గుట్ట మీద ఎర్రతల తొండను పట్టుకొచ్చాడు. ల్యాబులో ఏనాడో చలికాలంలో పట్టి ఫార్మలిన్‌లో ఊరేసిన పాలిపోయిన తొండ ఒకటుంటే, దాని పక్కన పెట్టాడు.

"చూసిన్రా మేడం? డ్యామ్ కట్టినంక గుట్ట ఒంటరైంది, తొండ మారింది. గిది కొత్త జాతి! కొత్త రాష్ట్రానికి రాష్ట్రపక్షి వచ్చె, రాష్ట్రవృక్షం వచ్చె. సొంత తొండ ఉండొద్దా?"

సగం నిజమే, అదే నా తలనొప్పి. నీళ్లు అడ్డంపడి ఒకే జాతి రెండుగా విడిపోతే, తరాల తరబడి చిన్న చిన్న తేడాలు పోగవుతాయి. చివరికి ఆ రెండు గుంపులూ మళ్లీ ఎదురుపడ్డా జతకట్టలేనంత దూరమవుతాయి. కొత్త జాతులు చాలావరకు అట్లాగే పుడతాయి. దానికి డ్యామ్ వయసు ఏ మూలకూ చాలదు. పైగా జతకట్టే కాలంలో మగ తొండ తల ఎర్రబడుతుంది. పెళ్లికొడుకును తెచ్చి పీనుగ పక్కన నిలబెట్టి, ఇద్దరూ వేర్వేరు జాతులంటే ఎట్లా?

ఆ మాటే కాస్త మర్యాదగా చెప్పాను. "ఒక్కటి చాలదు సార్. గుట్ట మీదివి, ఒడ్డువి, ఆడవీ మగవీ, ఒకే నెలలో పట్టినవి చూడాలె. కొలవాలె, జన్యువులు పోల్చాలె. మన తప్పులు వెతికే శాస్త్రవేత్తల ముందు పెట్టాలె. వాళ్లు కూడా కాదనలేకపోతేనే కొత్త జాతి."

"గంత ఫికర్ ఎందుకు మేడం? ఫ్లెక్స్ కొట్టించిన. ఎల్లుండే సన్మానం. మీరు సాక్షి సంతకం పెట్టుండ్రి, చాలు."

మా దగ్గర పద్ధతే అంత. ముందు శాలువా, తర్వాత పరిశోధన. ఎందుకు కప్పామో కప్పాక ఆలోచిస్తాం. నేను సంతకం పెట్టలేదు.

సన్మానం రోజు తొండను గాజుపెట్టెలో వేదిక మీద పెట్టారు. భయానికో ఏమో, తల ఎరుపంతా దిగిపోయి మట్టిరంగులో కూర్చుంది. ముఖ్య అతిథి వంగి చూసి, "గిది మా బాయికాడి తొండనే గదా!" అన్నాడు. హాలు గొల్లున నవ్వింది. సారు తడబడితే ఒట్టు! మైకు అందుకుని, "చూసిన్రా! పరిణామం మన కండ్ల ముందటనే అయితాంది!" అన్నాడు. అబ్బ, ఏం చప్పట్లు!

నాకు ఒళ్లు మండింది. లేచి, "సార్, ఒక్క పూటలో మారేది రంగు, జాతి కాదు" అన్నాను. చప్పట్లు ఆగాయి. శాలువా మాత్రం ఆగలేదు.

జూన్‌లో నన్ను మళ్లీ తీసుకోలేదు. "తొండ కోసం ఎవలన్న నౌకరి పోగొట్టుకుంటరా బిడ్డా?" అంది మా అత్త. వంటింట్లోకి పోయి ఏడ్చాను.

వానలు ముదిరాక ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ కోసం కాలేజీకి వెళ్లాను. వెలిసిపోయిన ఫ్లెక్స్ కింద, ప్రహరీగోడ మీద వేలెడంత తొండపిల్లలు ఉరుకుతున్నాయి. సన్మానం అయ్యాక ఎర్రతల తొండను అక్కడే వదిలేశానని అటెండర్ చెప్పాడు.

"మీ ఎర్రతలోడు మన కాలేజీ తొండతోని సంసారం పెట్టిండు మేడం. గివి వాని పిల్లలే! పోయి చెప్పుండ్రి, సారు నోరు మూతవడ్తది. మీ నౌకరి మీకొస్తది."

ప్రాణం లేచొచ్చింది. రెండూ కలిసి పిల్లల్ని కన్నాయంటే సారు కొత్త జాతి అక్కడికక్కడే కుప్పకూలినట్టే. గబగబా హెడ్ రూమ్ దాకా నడిచాను కూడా. తలుపు మీద చెయ్యి వేశాక ఆగిపోయాను. ఆ గోడ మీద మగ తొండలు ఇంకెన్ని లేవు? వెనక్కి వచ్చి అడిగాను.

"వాని పిల్లలేనని రుజువేది? నువ్వు చూసినవా?"

అటెండర్ నన్ను ఎగాదిగా చూశాడు.

"గిందుకే మేడం, మీ నౌకరి పోయింది."