గాలి మీద నిలబడ్డ కారు

1969లో మా రిపేరు షెడ్డు నారాయణగూడలో ఉండేది. నాకప్పుడు ఇరవై ఎనిమిదేళ్లు. గుడివాడ నుంచి వచ్చి పనిలో పడి పదేళ్లయింది. ఊళ్లో తిరిగే ఏ కారునైనా విప్పి బిగించగలననే ధీమా ఉండేది. నాతోపాటు పనిచేసే యాదగిరన్న రాంనగర్ మనిషి, నాకంటే పదిహేనేళ్లు పెద్ద. అంతకుముందు బస్సుల ఎయిర్ బ్రేకులు బాగుచేసేవాడు. చదువు నాలుగో తరగతితో ఆగిపోయింది.

ఒక ఉదయం అశోక్‌నగర్ నుంచి డాక్టర్ రాజ్యలక్ష్మి గారు తమ జర్మన్ కారును మెల్లగా నడుపుకుంటూ వచ్చారు. ముందు ఎడమవైపు చక్రం మీదికి కుంగిపోయి ఉంది.

"ఇద్దరు మెకానిక్కులు చూశారండీ. గాలి సంచులు పీకేసి ఇనుప స్ప్రింగులు వేస్తామన్నారు. అలా చేస్తే మావారు ఇందులో కూర్చోలేరు," అన్నారావిడ.

ఆవిడ భర్త ప్రకాశరావు గారు బషీర్‌బాగ్‌లో లెక్చరర్. ఆవిడ జర్మనీలో పనిచేసినప్పుడు ఆయన వెన్నెముకకు అక్కడే ఆపరేషన్ జరిగింది. రిక్షా కుదుపు, మామూలు కారు కుదుపు ఆయన తట్టుకోలేరు. అందుకే ఈ కారు కొని ఓడలో తెచ్చుకున్నారు. ఆయన సెలవు మరో వారంలో అయిపోతోంది. కారు బాగుకాకపోతే ఉద్యోగం వదులుకోవాల్సిందే.

నేను తల గోక్కున్నాను. అలాంటి కారు నేనెప్పుడూ చూడలేదు. దానితో వచ్చిన పుస్తకం జర్మన్‌లో ఉంది.

"మీరు చదివి తెలుగుల చెప్పుండ్రి డాక్టరమ్మా, నేను వింట," అన్నాడు యాదగిరన్న.

ఆవిడ స్టూలు మీద కూర్చుని రెండు గంటలు చదివి చెప్పారు. అన్న సుద్దముక్కతో సిమెంటు నేల మీద బొమ్మ గీశాడు. ఇంజన్‌తో తిరిగే కంప్రెసర్ గాలిని ట్యాంకులో నింపుతుంది. అక్కడి నుంచి గొట్టాల ద్వారా ఆ గాలి నాలుగు చక్రాల దగ్గరున్న బెలోస్‌కి, అంటే రబ్బరు సంచులకి చేరుతుంది. బరువు పెరిగి బండి దిగితే లెవెలింగ్ వాల్వు గాలి లోపలికి పంపుతుంది, తగ్గితే బయటికి వదులుతుంది. బండి ఎప్పుడూ ఒకే ఎత్తులో ఉంటుంది. అర్థంకాని చోటల్లా అన్న "జర మళ్లొక్కసారి" అని అడిగాడు. అలా అడగడానికి ఆయనకు ఏ నామోషీ లేదు.

ఇంజన్ వేస్తే కుంగిన మూల కూడా ముచ్చటగా పైకి లేచింది. ఇంజన్ ఆపాను. ఎక్కడ లీకవుతుందో చూద్దామని సబ్బు నీళ్లు తీసుకుని కారు కిందికి దూరబోయాను. అన్న నా కాలు పట్టుకుని వెనక్కి లాగాడు.

"ఏం చేస్తున్నవ్ తమ్మీ? గాలిని నమ్మి కిందికి పోతవా?"

"జాకీ పెడతానులే అన్నా."

"జాకీ లేపేటందుకే. మోసేటందుకు గాదు."

చక్రాలకు అడ్డుచెక్కలు పెట్టాడు. పుస్తకంలో చూపించిన చోట్ల కారు బాడీ కింద నాలుగు ఇనుప స్టాండ్లు, దాదాపు తగిలీ తగలనట్టు నిలబెట్టాడు. బండిని చేత్తో ఊపి చూసి, అప్పుడు పొమ్మన్నాడు.

నేను కిందికి వెళ్లి సబ్బు నీళ్లు పూస్తుంటే నా మోచెయ్యి వాల్వును కదిలించే సన్నటి కడ్డీకి తగిలింది. బుస్సుమని గాలి పోయింది. ఒక్క క్షణంలో కారు ముందుభాగం అరంగుళం దిగి, ధన్‌మని స్టాండు మీద కూర్చుంది. ఇనుము నా ముఖానికి జానెడు దూరంలో ఆగింది. మెల్లగా పాకి బయటికి వచ్చాను.

అన్న తిట్టలేదు. మంచినీళ్లిచ్చి పక్కన కూర్చోబెట్టాడు. మళ్లీ గాలి నింపి, ఈసారి తనే వెళ్లి చూశాడు. వాల్వు దగ్గర గొట్టం బిగించే జాయింటులో సబ్బు బుడగలు లేచాయి. రబ్బరు సంచి బాగానే ఉంది. జాయింటు విప్పేముందు ముఖం పక్కకు తిప్పి, మెల్లగా ట్యాంకు గాలంతా వదిలేశాడు.

"గాలి కండ్లకు కనబడదు తమ్మీ. కంట్ల కొట్టినంక తెలుస్తది."

విప్పి చూస్తే జాయింటు లోపలి ఇత్తడి రింగు అరిగి ఉంది. లేత్ మీద అదే కొలతతో కొత్త రింగు చేయించుకొచ్చాడు. బిగించాక నాలుగు చక్రాల దగ్గర కారు ఎత్తు స్కేలుతో కొలిచి నేలమీదే రాసుకున్నాడు. మర్నాడు ఉదయం కొలిస్తే నూలువాసి తేడా లేదు. అయినా ఇంకో రోజు ఉంచుకున్నాడు. తర్వాత తనే వెనకసీట్లో కూర్చుని, నాచేత చిక్కడపల్లి గతుకుల రోడ్డు మీద రెండుసార్లు నడిపించాడు.

సెలవు అయిపోయి ఆయన కాలేజీకి వెళ్లిన రోజు సాయంత్రం దంపతులిద్దరూ షెడ్డు ముందు ఆగారు. ప్రకాశరావు గారు కర్ర పట్టుకుని తనంతట తనే దిగారు.

"మూడు క్లాసులు చెప్పొచ్చాను యాదగిరి గారూ," అన్నారు. "తెలియని బండి కదా, చెయ్యి పెట్టడానికి భయం వెయ్యలేదా?"

అన్న తల వంచుకుని చేతులు తుడుచుకున్నాడు.

"ఎందుకు గాలేదు సార్? మస్తు భయమైంది. అందుకే నిదానంగ చేసిన."

అంతవరకూ పనిలో భయం వేస్తే నవ్వుతారని నేను దాచుకునేవాణ్ణి. దాచడం కోసమే తొందరపడేవాణ్ణి. ఆ సాయంత్రం తర్వాత రెండూ మానేశాను.