గొంతు లేని వాన పాట

ఆస్ట్రేలియా ఉత్తరపు కొసనున్న డార్విన్‌లో వానకి మొహమాటం లేదు. నవంబరులో దిగిందంటే ఏప్రిల్ దాకా కదలని చుట్టం అది. అలాంటి ఊళ్లో పెరిగే తెలుగు పిల్లలకి ముసురంటే ఏమిటో, జల్లంటే ఏమిటో తెలియదంటే అలివేలుకి కడుపు మండేది.

అలివేలుది అమలాపురం పక్క పల్లె. వారమంతా ఆసుపత్రి వంటగదిలో రోగుల భోజనం ట్రేలు సర్దుతుంది. శనివారం పొద్దున మాత్రం తెలుగు సంఘం హాలు పక్కగదిలో పదకొండుమంది చిన్నపిల్లలకి పంతులమ్మ. ఆమె పద్ధతి ఆమెది. పిల్లలు రాగానే గుమ్మంలో నిలబడి ఆకాశం చూడాలి. చూసింది తెలుగులో చెబితేనే చేతికి కత్తెరా, జిగురూ. మబ్బుకి దూది, మెరుపుకి వెండికాగితం, చినుకులకి నీలం దారం. చేసినవన్నీ కిటికీకి కట్టిన తాడుకి వేలాడదీసి, ఆమె కట్టిన పాట పాడతారు.

"మబ్బు తాత దగ్గాడు, ఉరుమొచ్చింది! మెరుపు అత్త నవ్వింది, జల్లొచ్చింది!"

గది కప్పు ఎగిరిపోయేలా అరిచేవాళ్లు. ఒకరోజు ఐదేళ్ల వీణ కారు దిగుతూనే "ఆంటీ, టుడే ఉక్కపోత!" అంది. అలివేలుకి కళ్లనీళ్లు ఆగలేదు.

ఇంత తాపత్రయం ఊరికే రాలేదు. ఆమె కూతురు శ్రావ్యకి పదహారేళ్లు. మూడేళ్లప్పుడు గలగలా తెలుగు మాట్లాడేది. డే కేర్‌లో వెనకబడుతుందేమోనని "తెలుగొద్దు, ఇంగ్లీషులో చెప్పు" అని అలివేలే ఆ పిల్ల నోరు నొక్కింది. ఏ టీచరూ అలా చెయ్యమనలేదు. తోటి తెలుగువాళ్లంతా చేస్తున్నారని తనూ చేసింది. ఏడాది తిరక్కుండా పిల్ల నోట తెలుగు పోయింది. ఇప్పుడు అన్నీ అర్థమవుతాయి, జవాబు మాత్రం ఇంగ్లీషే. తెలుగు మాన్పించింది అమ్మేనని శ్రావ్యకీ తెలుసు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే మరి!

ఉగాదికి రెండు నెలల ముందు సంఘం ప్రెసిడెంటు గోపాలరావు వచ్చాడు.

"అలివేలుగారూ, మీ పిల్లల పాట ఫంక్షన్‌లో పెడదామండీ. ఐటమ్ క్లిక్కయితే నెక్స్ట్ ఇయర్ కూడా రూమ్ మీదే. లేదంటే డాన్స్ క్లాసువాళ్లు అడుగుతున్నారు, నేనేం చెయ్యలేనండీ."

పెడతానంది. శ్రావ్యని కూడా వచ్చి వినమంది. నెలన్నర పోయాక గోపాలరావు మళ్లీ వచ్చాడు.

"లైవ్ రిస్కండీ. హైదరాబాద్‌లో మా మరదలు మీ పాట నీట్‌గా రికార్డ్ చేసి పంపింది. మనవాళ్లు లిప్స్ కదిపితే చాలు. వీళ్ల వాయిస్ మైకులో పడితే అంతా కంగాళీ అయిపోద్ది."

ఆమె కాదనాల్సింది. గది పోతుందన్న భయంతో తలూపింది. రెండు శనివారాలు అదే పాఠం: నోరు మెదపాలి, గొంతు రాకూడదు. ఎవరైనా కూనిరాగం తీస్తే అలివేలు పెదాల మీద వేలు పెట్టేది. "వై, ఆంటీ?" అంది వీణ. "అంతేనమ్మా" అంది. పిల్లలు బంగారుకొండలు, అదీ నేర్చుకున్నారు.

ఉగాదినాడు మధ్యాహ్నం హాలంతా పట్టుచీరలు, ఫోన్లు. మూడో వరసలో శ్రావ్య. తలకి దూది మబ్బులు కట్టుకుని పిల్లలు నిలబడ్డారు. రికార్డు మొదలైంది. మొదటి చరణం అవగానే బయట పెద్ద ఉరుము. కరెంటు పోయింది, పాట ఆగిపోయింది, హాలు నిశ్శబ్దమైంది.

స్టేజీ పక్కనున్న అలివేలు ఒక అడుగు ముందుకేసింది. ఇప్పుడు పాడతారు, తన కూతురు వింటుంది అనుకుంది. పిల్లలు ఆగలేదు. చేతులు తిప్పుతున్నారు, నవ్వుతున్నారు, నోళ్లు మెదుపుతున్నారు. ఒక్కరి గొంతూ రాలేదు.

"పాడండమ్మా, గట్టిగా పాడండి!" అని అరిచింది అలివేలు.

వీణ ఆమె వైపు చూసింది. చూసి, తప్పు చేసినవాళ్లని మందలిస్తున్నట్టు తన పెదాల మీద వేలు పెట్టింది.

పాట చివరిదాకా అలాగే నడిచింది. దణ్ణం పెట్టి దిగారు. చప్పట్లు మోగిపోయాయి.

"సూపరండీ! డిసిప్లిన్ అంటే ఇదీ. రూమ్ మీదే, ఫిక్స్!" అన్నాడు గోపాలరావు.

ఆమెకి ఆ గదికి నిప్పు పెట్టాలనిపించింది. థాంక్సండీ అని మాత్రం అంది.

కార్లో కూర్చునేసరికి వాన అందుకుంది.

"దే నో ద సాంగ్, మమ్. వై డిడంట్ దే సింగ్?" అంది శ్రావ్య.

"నేనే వద్దన్నానమ్మా."

"ఓ. లైక్ మీ" అంది శ్రావ్య, ఫోన్లోంచి తలెత్తకుండా.