ఇనప కుర్చీ దాకా

వెర్లిన్‌కు టెస్లా కాయిళ్ల పిచ్చి, అంటే కరెంటుతో గాల్లోకి మెరుపులు చిమ్మే తీగచుట్ల యంత్రాలు. ఒహాయోలో అతని పొలం కొట్టంలో ఏటా ఆకులు రాలే కాలంలో ఆ పిచ్చివాళ్లంతా చేరతారు. తలుపులు బిగించి, పట్టపగలే చీకటి చేసుకుని, మెరుపులు చూసి, యాపిల్ సైడర్ తాగి ఇళ్లకు పోతారు. కరెంటు వేసేముందు ఎవరో ఒకరు "చేతులెక్కడ?" అని అరవాలి. అందరూ "జేబుల్లో!" అనాలి. ఎవరూ పొరపాటున దేన్నీ ముట్టుకోకుండా అది వాళ్ల ఆచారం. వెర్లిన్ భార్య నడీన్ మాత్రం ఎప్పుడూ ఒక క్షణం ఆలస్యంగా, నవ్వుతూ అనేది.

ఆమె కిందటి చలికాలంలో పోయింది. అయినా ఈసారీ ఆమె ఇనప కుర్చీని ఎప్పటి చోటే వేశాడు వెర్లిన్. ఆ కుర్చీలో కూర్చునే ఏళ్ల తరబడి అతణ్ణి ఏడిపించింది. "నీ మెరుపు ఒక్కసారైనా నాదాకా వచ్చిందా?"

రాలేదు. పాత కాయిల్ పొట్టిది. కరెంటు పెంచితే మెరుపు బయటికి పోకుండా తన తీగ చుట్ల మీదే కిందికి పాకి, అడుగున చుట్టి ఉన్న రాగి గొట్టాన్ని కొట్టేది. "పొడుగ్గా చుడదాం" అంది నడీన్. ఆమె ప్లాస్టిక్ గొట్టాన్ని తిప్పుతుంటే అతను సన్నటి తీగ పట్టాడు. భుజమెత్తు కాయిల్ తయారైంది. వార్నిష్ కింద ఆమె నెరిసిన వెంట్రుక ఒకటి ఇరుక్కుపోయింది. ఆ కాయిల్‌ని వెలిగించి చూడకుండానే ఆమె వెళ్లిపోయింది.

"చేతులెక్కడ?" అరిచాడు రోస్కో, కరెంటు స్తంభాలెక్కే పని చేసి రిటైరైన పాత నేస్తం.

"జేబుల్లో!"

ఒక క్షణం తర్వాత ఇంకో గొంతు. వెర్లిన్ వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ విన్నట్టు లేదు.

స్విచ్చి వేశాడు. కాయిల్ కొసన జానెడు మెరుపు చిటపటలాడింది. అంతే.

"ఇంత పొడుగు కాయిల్‌కు ఇంతేనా మెరుపు!" ఎవరో నవ్వారు.

రోస్కో వంగి చూశాడు. "రాగి గొట్టానికి కరెంటిచ్చే క్లిప్పు పాత చోటే ఉంచావేంటయ్యా? పైన తీగ పెరిగితే ఊపు నెమ్మదిస్తుంది. ఉయ్యాల తాడు పొడుగైతే నెట్టే అదును మారదూ? కింద ఇంకో రెండు చుట్లు కలుపు."

"అది నడీన్ పెట్టిన గుర్తు."

రాగి మీద ఎర్రటి గోళ్లరంగు చుక్క. పొట్టి కాయిల్‌కు సరిగ్గా కుదిరిన చోటు అది, ఆమే వెతికి పట్టింది. అక్కణ్ణించి క్లిప్పు జరిపితే ఆమె చెయ్యి వదిలేసినట్టే ఉంది వెర్లిన్‌కు. జరపకపోతే ఆమె చివరి పని నవ్వులపాలవుతుంది.

"ఆమే ఉంటే ఏమనేది?" అన్నాడు రోస్కో మెల్లగా.

"మొద్దూ అని తిట్టేది" అని క్లిప్పు జరిపాడు.

"చేతులెక్కడ?"

"జేబుల్లో!"

వెర్లిన్ ఆగాడు. ఆ రెండో గొంతు రాలేదు. స్విచ్చి వేశాడు.

కొట్టం హోరెత్తింది. మనిషి కంటే పొడవైన తెల్లటి మెరుపు కొమ్మలు చాచి, గాలిని తడుముకుంటూ పోయి, ఖాళీ కుర్చీ వీపును కొట్టింది. మళ్లీ అక్కడే. మళ్లీ అక్కడే. ఈసారి ఎవరూ నవ్వలేదు.

కరెంటు తీసి, వెళ్లి కుర్చీ వీపు మీద చెయ్యి వేశాడు. "నీదాకా వచ్చింది, నడీన్" అన్నాడు. సంతోషం రావలసిన చోట భయం వచ్చింది. ఇక ఆమెకు తనను ఏడిపించడానికి ఏం మిగిలింది?

కుర్చీ ఎత్తి మెరుపుకు అందకుండా ఇంకా వెనక్కి, గోడవారకు జరిపాడు.

"మళ్లీ అడుగు" అన్నాడు రోస్కోతో.

"చేతులెక్కడ?"

"జేబుల్లో!"

స్విచ్చి పట్టుకుని వెర్లిన్ చెవులు రిక్కించాడు. ఈసారీ ఆ గొంతు రాలేదు. చివరికి, అందరికన్నా ఆలస్యంగా, నవ్వబోయి నవ్వలేక తనే అన్నాడు.

"జేబుల్లో."