లిఫ్టన్న సాక్ష్యం

చర్చి సంఘంలో అతన్ని అందరూ లిఫ్టన్న అంటారు. పెద్ద పెద్ద మేడల్లో లిఫ్టులు బాగుచేయడం అతని పని. మాటలు తక్కువ. ఎలా ఉన్నావంటే "బాగానే" అంటాడు. ఇల్లు అంటుకుందని చెప్పినా "చూద్దాంలే" అనే రకం. అలాంటి మనిషిని పట్టుకెళ్ళి మైకు ముందు నిలబెట్టారు మహానుభావులు. చిక్కంతా అక్కడే మొదలైంది.

ఒక సాయంత్రం ప్రార్థన కూటం ఉందని లిఫ్టన్న తన డ్యూటీని తోటి మెకానిక్కుకి అప్పగించి వెళ్ళాడు. ఆ తోటివాణ్ణి అందరూ బక్కోడు అనేవారు. మనిషి ఊదితే ఎగిరిపోయేలా ఉండేవాడు గానీ తిండి మాత్రం ఇద్దరిది. ఆ సాయంత్రమే లిఫ్టు పైకీ కిందకీ తిరిగే బావిలాంటి షాఫ్టులో పని చేస్తూ బక్కోడు కాలు జారి పడిపోయాడు. ఆస్పత్రికి చేరేలోపే ప్రాణం పోయింది.

ఆ ఆదివారం సంఘమంతా లిఫ్టన్న చుట్టూ మూగింది. దేవుడు నిన్ను తప్పించాడయ్యా అన్నారు. పాస్టరుగారు స్వయంగా చెయ్యి పట్టుకుని వేదిక ఎక్కించి సాక్ష్యం చెప్పమన్నారు. దేవుడు తమకు చేసిన మేలు పదిమందిలో చెప్పుకోవడాన్ని వాళ్ళు సాక్ష్యం అంటారు. లిఫ్టన్న తలొంచుకుని నాలుగు ముక్కలు చెప్పాడు. హాలంతా చప్పట్లు. వాళ్ళు చెడ్డవాళ్ళని నేననను. కానీ అంతమందిలో ఒక్కరికైనా బక్కోడు గుర్తు రాలేదంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అక్కడితో వదిలినా బాగుండేది. స్త్రీల కూటంలో చెప్పమన్నారు, పక్కవీధి సంఘంలో చెప్పమన్నారు. చెప్పిన ప్రతిసారీ బక్కోడు ఇంకోసారి చచ్చిపోయినట్టుండేది. లిఫ్టన్నకు నిద్ర పట్టేది కాదు, అన్నం సహించేది కాదు. పనిలో లిఫ్టు తలుపు తెరిచి ఆ చీకటి షాఫ్టులోకి చూస్తే, పట్టు వదిలేస్తే చాలు కదా అనిపించేది. ఒకసారి అలా అనిపించినప్పుడు వెనక్కి వచ్చి గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. తనంటే తనకే భయం పుట్టింది.

"ఒక్కసారి పాస్టరుగారితో మాట్లాడండి" అంది భార్య. ఆమె శనివారాల్లో హాలు శుభ్రం చేసేవాళ్ళలో ఒకతి. పాస్టరు దగ్గరికి వెళ్ళేది పెళ్ళిళ్ళకీ, మొగుడూపెళ్ళాల గొడవలకీ తప్ప ఇలాంటివాటికి కాదని లిఫ్టన్న నమ్మకం. అయినా ఆ శనివారం మధ్యాహ్నం ఆమె వెంట వెళ్ళాడు.

హాలు వెనక చిన్న గది. ఒక మూల ప్లాస్టిక్ కుర్చీల దొంతర, పైన కిర్రుమనే ఫ్యాను. పాస్టరుగారు వెలిగిపోతున్న ముఖంతో లేచారు.

"రా తమ్ముడూ. వచ్చే వారం యువకుల సభ. నీ సాక్ష్యం పెట్టాం."

లిఫ్టన్న కుర్చీ అంచున కూర్చున్నాడు. "నిద్ర పట్టట్లేదండీ" అన్నాడు ఎలాగో.

"అయ్యో, దానికేముంది? ప్రార్థన చేసుకుందాం."

పాస్టరుగారు కళ్ళు మూసుకున్నారు. ఈ బిడ్డను కాపాడినందుకు స్తోత్రం అంటూ మొదలుపెట్టి నిద్ర కోసం అడిగి ముగించారు. అలవాటు కొద్దీ లిఫ్టన్న నోట్లోంచి "ఆమెన్" వచ్చేసింది. ఆమెన్ అన్నాక వాళ్ళలో ఇంక మాట ఉండదు, లేచి వెళ్ళడమే. అతనూ లేచాడు.

తలుపు గడియ మీద చెయ్యి పడింది. కిటికీలోంచి బెంచీలు తుడుస్తున్న భార్య కనబడింది. ఈ గడప దాటితే ఇంకెవరికీ చెప్పడు, ఆ సంగతి అతనికి తెలుసు. సోమవారం మళ్ళీ షాఫ్టు. వెనక్కి తిరగకుండానే, తలుపుతో చెబుతున్నట్టు అన్నాడు.

"నేనింక ఆ సాక్ష్యం చెప్పలేనండీ."

"ఎందుకు, మొహమాటమా?"

"వాడు నా బదులు పోయాడు. మీరంతా చప్పట్లు కొట్టారు." గడియ మీంచి చెయ్యి తీశాడు. "సోమవారం పనికెళ్తే తిరిగొస్తానని నాకే నమ్మకం లేదు."

పాస్టరుగారి ముఖంలో నవ్వు చచ్చింది. దేనికైనా ఒక బైబిలు వచనం నాలుక చివర సిద్ధంగా ఉండే మనిషి ఆయన. అప్పుడూ ఒకటి వచ్చే ఉంటుంది. మింగేశారు. లేచి వచ్చి పక్కన నిలబడ్డారు.

"చచ్చిపోవాలని ఉందా తమ్ముడూ?"

అంత సూటిగా అడుగుతారని అనుకోలేదు లిఫ్టన్న. "ఉందండీ" అన్నాడు. ఆ ఒక్క మాట అని, వెనక్కి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"నిన్ను మైకు ముందు నిలబెట్టింది నేను. నువ్వెలా ఉన్నావో అడగలేదు. వాడి సంగతి అసలే అడగలేదు. తప్పు నాది" అన్నారు పాస్టరుగారు. "ఇప్పుడు చెప్పు. బక్కోడు ఎలాంటివాడు?"

లిఫ్టన్న చెప్పాడు. తన టిఫిన్ డబ్బా కూడా వాడే ఖాళీ చేసేవాడని చెబుతూ నవ్వాడు, నవ్వుతూనే భోరుమన్నాడు. పాస్టరుగారు ఓదార్చలేదు, అడ్డురాలేదు. అతను తేరుకున్నాక ఫోన్ తీశారు.

"మనసు జబ్బులు చూసే డాక్టరున్నారు, నాకు తెలిసినావిడే. ఇవాళే వెళ్దాం. నీ సూపర్‌వైజరుతో కూడా మాట్లాడదాం, సోమవారం నువ్వు ఆ పనికి వెళ్ళకూడదు."

"అంటే నా విశ్వాసం చాల్లేదంటారా?"

"కాదయ్యా. బక్కోడి మీద దిగులు, దేవుడి మీద కోపం, వాటికి నేనున్నాను. ఎప్పుడొచ్చినా సరే, తిట్టాలనిపిస్తే తిట్టు. ఈ చావాలనే ఆలోచన మాత్రం నా ఒక్కడి వల్ల అయ్యేది కాదు. చేతకానిది చేతనవునని చెప్పి నిన్ను పోగొట్టుకోమంటావా?" కిటికీలోంచి హాల్లోకి చూశారు. "ఇంట్లో తెలుసా?"

"తెలీదండీ."

"ముందు ఆమెకి చెబుదాం. నేను పక్కనే ఉంటాను."

హాల్లోకి వచ్చారు. పాస్టరుగారికి చెప్పినదానికన్నా ఇది కష్టమైంది. అతను చెబుతున్నంతసేపూ ఆమె తుడిచిన చోటే తుడుస్తూ ఉంది.

"నాకు తెలుసండీ" అంది చివరికి.

"మరి అడగలేదేం?"

"అడిగితే ఆ ఆలోచన నేనే మీ బుర్రలో పెట్టినట్టవుతుందేమోనని. మీరు పనికెళ్ళిన దగ్గర్నుంచీ ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని. మోగితే ఎత్తాలంటే భయం."

లిఫ్టన్న ఆమె చేతిలోని గుడ్డ తీసి పక్కన పెట్టాడు.

"ఇప్పుడడుగు" అన్నాడు.

చచ్చిపోవాలని ఉందా అని ఆమె అతని కళ్ళలోకి చూసి అడిగింది.