ఎంగిలి డ్రమ్ము

అసహ్యం అనేది కడుపు నిండినవాళ్ళకు వచ్చే జబ్బని డ్రమ్ముల వదిన నమ్మకం. ఆ జబ్బు ఆమెకు ఎన్నడూ సోకలేదు.

సముద్రం ఒడ్డున ఉన్న పెద్ద హోటలుకు వెనక గుమ్మం ఉంది. ఆ గుమ్మం పక్కన ఒక నీలం డ్రమ్ము. అతిథులు తిని వదిలేసిన రొట్టె, చేప, సూపు, సగం కొరికిన పండు, అన్నీ అందులోనే పడేవి. మధ్యాహ్నానికల్లా ఎండకు పులిసి బుడగలు కక్కేవి. ఆ దారిన పోయేవాళ్ళు ముక్కు మూసుకుని పరిగెత్తేవాళ్ళు. ఈమె మాత్రం మోచేతి దాకా చెయ్యి దించి, పాటేదో పాడుకుంటూ కెలికేది. ఆ ఎంగిలే ఆమె పందులకు మేత. వెతికేది అందులోని పంటిపుల్లల కోసం. ఒకసారి పందిపిల్ల ఒకటి గొంతులో పంటిపుల్ల గుచ్చుకుని చచ్చిపోయింది. ఆనాటి నుంచి ఆమె వేళ్ళకు కళ్ళొచ్చాయి.

హోటల్లో పెద్ద సర్వరు ఆమె సొంత మరిది. పెళ్ళి కాలేదు, అన్న ఇంట్లోనే ముందు గదిలో ఉంటాడు, వదిన చేతి కూడు తింటాడు. వాడు వదినా అని పిలవగా పిలవగా మేనేజరుతో సహా హోటలంతా ఆమెకు మరుదులైపోయారు.

ఇంటి వెనక ఆమె పందుల దొడ్డి. ఆ దొడ్డిని ఏలేది మహారాణి అనే ఆడపంది. అది అడ్డంగా పడుకుంటే సందులో సైకిలు పోయేది కాదు. తుమ్మితే పక్కింటివాళ్ళ తాడు మీద తడిబట్టలు ఆరిపోయేవి. పైన వెన్న తేలకపోతే సూపు ముట్టేది కాదు, మూతి పక్కకు తిప్పుకుని హోటల్లో కూర్చున్నదానిలా ఎదురుచూసేది. ఇందులో ఒక్క ముక్క అబద్ధముంటే ఆ పక్కింటివాళ్ళనే అడగండి.

అవి చలిదేశాలవాళ్ళు వచ్చే రోజులు. విమానాల్లో దిగేవాళ్ళు, వారాల తరబడి ఎండలో పడుకునేవాళ్ళు, పళ్ళెంలో సగం తిని సగం వదిలి, డబ్బు మాత్రం మొత్తానికీ ఇచ్చేవాళ్ళు. తర్వాత ఏం గాలి తిరిగిందో, ఆ జనమంతా వేరే సముద్రం పట్టారు. అక్కడ గదులు చవకట, ఇసక ఇంకా తెల్లగా ఉంటుందట. వాళ్ళ బదులు పొరుగు దేశాలవాళ్ళు సరిహద్దు దాటి బస్సుల్లో రావడం మొదలైంది. ఒక్క రాత్రి ఉంటారు, సముద్రానికి వీపు పెట్టి ఫోటోలు తీసుకుంటారు, పోతారు.

ఆమె మొగుడు నడుం పట్టేసి మంచమెక్కినవాడు. మంచం మీంచే పేపరు చదివి లోకాన్ని నడుపుతుంటాడు.

"చూశావటే, విదేశాలవాళ్ళ రాకలో ఈసారి అన్ని ప్రాంతాలకన్నా మన వైపే ముందట."

"వస్తే?"

"వస్తే ఏంటి, గొప్పే కదా. కాకపోతే ఆదాయం మాత్రం పెరగలేదట. తలకింతని చూస్తే తగ్గిందట. డబ్బున్నోళ్ళంతా ఆ తెల్ల ఇసక వైపు పోతున్నారని రాశాడు."

"పేరు గొప్ప, ఊరు దిబ్బ. సరే, జనం పెరిగితే ఎంగిలి పెరగాలా లేదా? నా డ్రమ్ము సగానికి పడిపోయిందేం?"

మొగుడు పేపరు తిప్పి చూశాడు. "అది రాయలేదే," అన్నాడు.

డ్రమ్ము సగమైంది, తర్వాత అడుగంటింది. దొడ్లో పందులు గోడలు కొరకడం మొదలుపెట్టాయి. మహారాణి పక్కటెముకలు బయటపడ్డాయి. మాంసం కొట్టువాడు వచ్చి దాని వీపు నిమిరి, "ఇంకా చిక్కితే తోలు ధరకే కొంటానమ్మా. రేపు సాయంత్రం తోలుకుపోతాను," అన్నాడు. అది పోతే దొడ్డి లేదు. దొడ్డి లేకపోతే ఆ ఇంటికి పేపరు కూడా రాదు.

అనుమానం నేరుగా మరిది మీదికి పోయింది. వంతెన అవతల ఇంకో పందులవాడున్నాడు. ఎంగిలంతా వాడికి అమ్ముకుంటున్నాడేమో. ఆ పూటే మరిదిని వెనక గుమ్మం దగ్గర పట్టుకుంది.

"ఏం మరిదీ, నా డ్రమ్ము ఎవడికి అమ్ముకుంటున్నావ్?"

"నీ తోడు వదినా, గరిటెడు కూడా బయటికి పోలేదు."

"నా తోడెందుకు, నేను పోతే నీకు కూడు పెట్టేదెవరు? నీ తోడు చెప్పు."

"వచ్చేవాళ్ళే అలాంటోళ్ళు వదినా. ఎంగిలి చేత్తో కాకిని తోలరు. పళ్ళేలు నాకేసి పోతున్నారు. గిన్నెలు తోమేవాడికి పనే లేదు."

"వాళ్ళు పళ్ళేలు నాకితే నువ్వు నీళ్ళు నములుతున్నావెందుకు?"

మరిది భుజం మీది తువ్వాలు సర్దుకుని లోపలికి జారుకున్నాడు. ఆమె బండి తోసుకుంటూ ఇంటిదాకా ఆ బస్సులవాళ్ళ ఏడు తరాలనూ తిట్టింది. పిసినారి పీనుగులు, పందుల నోటి దగ్గర కూడు లాక్కునే దరిద్రులు అంది. దారిలో బస్సులోంచి ఒకావిడ చెయ్యి ఊపితే మొహం తిప్పుకుంది.

మర్నాడు భోజనాల వేళ బండిని వెనక గుమ్మానికి అడ్డంగా పెట్టి గొంతెత్తింది. ఆ గొంతు ముందు హాలుదాకా వినబడింది. మేనేజరు టై సవరించుకుంటూ పరుగున వచ్చాడు.

"వదినా, మెల్లగా. లోపల నిండా అతిథులున్నారు."

"ఉన్నారని మీరంటున్నారు. నా డ్రమ్ము మాత్రం లేరంటోంది."

తినే నోరు అరవదని మేనేజరు లెక్క. "ఇన్నేళ్ళుగా వస్తున్నావు, ఒక్కసారైనా లోపల కూర్చున్నావా? రా, ముందు మా సూపు తాగు. తర్వాత మాట్లాడదాం," అన్నాడు.

ఆ హాల్లో ఒక్కసారి కూర్చోవాలని ఆమెకు ఎన్నాళ్ళనుంచో ఉంది. ఆ సంగతి పందులకు తప్ప ఎవరికీ చెప్పుకోలేదు. చేతులు కడుక్కుని, పమిట సర్దుకుని వెళ్ళి మూల బల్ల దగ్గర కూర్చుంది. ఇస్త్రీ చేసిన తెల్లగుడ్డ మీద చేతులు పెట్టడానికి మనసొప్పక ఒళ్ళో పెట్టుకుంది. మేనేజరే స్వయంగా పెద్ద గిన్నెలోంచి వడ్డించాడు. చేపల సూపు. పైన వెన్న తేలుతోంది.

చుట్టూ చూసింది. ఒకావిడ రెండు చెంచాలు తాగి గిన్నె పక్కకు నెట్టేసింది. ఒకాయన పళ్ళెంలో సగం చేప అలాగే ఉంది. పిల్లలు రొట్టెలు కొరికి బల్ల మీద గుట్టపెట్టారు. నాకేవాడు ఒక్కడూ కనబడలేదు.

అప్పుడే మరిది వంటగదిలోంచి ట్రేతో వచ్చాడు. ఆమెను చూసి ఉన్నచోటే ఆగిపోయాడు. తర్వాత గబగబా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"వదినా, అది తాగకు."

"ఏం, నీ సొమ్మా?"

"నీకు చేప పడదుగా."

"బొడ్డూడకముందు నుంచీ చేపే తింటున్నా."

"వేడిగా ఉంది."

"ఊదుకుంటా. ఆయనే పెట్టాడు, మధ్యలో నీకేం పోయింది?"

"వదినా, నా మాట విను."

మరిదిని ఉడికించడానికే అన్నట్టు ఆమె చెంచా ఎత్తి తాగింది. నిజం చెప్పాలంటే బాగానే ఉంది. రెండో చెంచా తాగింది. నాలుక మీద ఏదో గుచ్చుకుంది. వేళ్ళతో బయటికి తీసింది.

పంటిపుల్ల. ఒక కొస నలిగి కుంచెలా అయిపోయింది. ఎవరో తీరిగ్గా నమిలిన పుల్ల.

ఆమె మరిది మొహంలోకి చూసింది. అతను నేల చూస్తున్నాడు. సగం చేప ఉన్న పళ్ళెం వైపు చూసింది, పెద్ద గిన్నె వైపు చూసింది, బల్లల మీద వెచ్చవెచ్చగా మెరుస్తున్న రొట్టెల బుట్టల వైపు చూసింది. తన డ్రమ్ము ఎక్కడికి పోయిందో తెలిసింది. వెనక గుమ్మం దాకా రాకుండానే, వంటగదిలో మలుపు తిరిగి, మళ్ళీ ఈ తెల్లగుడ్డల మీదికే వస్తోంది.

కడుపులోంచి ఏదో దేవుకుంటూ గొంతుదాకా లేచింది. పులిసిన డ్రమ్ములో మోచేతి దాకా ముంచినప్పుడు ఎన్నడూ లేవనిది, తళతళలాడే చెంచా చేతిలో ఉండగా లేచింది. మొదటిసారి కదా, అదేమిటో ఆమెకు వెంటనే తెలియలేదు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత లేచి, పెద్ద గిన్నెను రెండు చెవులూ పట్టి ఎత్తింది.

"ఏం చేస్తున్నావ్?" అన్నాడు మేనేజరు.

"నా సరుకు తీసుకుపోతున్నా. దారి తప్పి మీ బల్ల మీదికొచ్చింది."

మేనేజరు మొహాన నవ్వు అలాగే అతికించుకుని వెంట నడిచాడు. "మా బాధ నీకేం తెలుసు? జనం చూస్తే తిరనాళ్ళు, ఇచ్చేది చూస్తే చిల్లర. ఆ పాతవాళ్ళు పోయాక ఈ తలుపులు తెరిచి ఉంచడమే గగనమైంది."

"తక్కువిస్తే తక్కువ పెట్టు. ఒకడు ఉమ్మింది ఇంకొకడి నోట్లో పెట్టకు." ఆమె గొంతు పెంచలేదు. "రేపటినుంచి నా డ్రమ్ము అంచుదాకా నిండాలి. ఎంగిలి రెండు చోట్ల ఉండదు కదా. ఒక్కపూట వెలితి కనబడిందో, ఈ పుల్ల పట్టుకుని ముందు గుమ్మంలోంచి వస్తా. బల్ల బల్లకీ చూపిస్తా."

ఆమె గిన్నె మోసుకుంటూ హాలు మధ్యలోంచి నడుస్తుంటే, ఇదేదో తమకోసం ఏర్పాటు చేసిన వినోదమనుకుని బస్సులవాళ్ళు ఫోటోలు తీసుకున్నారు. ఇద్దరు చప్పట్లు కొట్టారు. నిన్న చెయ్యి ఊపిన ఆవిడ ఇవాళా ఊపింది. రెండు చేతులా గిన్నె ఉంది కాబట్టి ఈమె తల ఊపింది.

మహారాణి ఆ సూపంతా తాగి, గిన్నెను బోర్లించి, దాని అడుగు కూడా నాకింది. దానికేం, అది పంది. సాయంత్రం మాంసం కొట్టువాడు వచ్చి ఉత్తచేతులతో తిరిగిపోయాడు. మర్నాటినుంచి డ్రమ్ము అంచుదాకా నిండి, పైనుంచి కారుతూ ఎదురుచూసేది.

డ్రమ్ము నిండిన మొదటిరోజు, దీపాలు పెట్టేవేళకు మరిది ఇంటికొచ్చాడు. ఎప్పుడూ గుమ్మంలోంచే "వదినా, ఆకలి" అని అరిచేవాడు, ఆ రోజు చప్పుడు లేకుండా వచ్చి కూర్చున్నాడు. మంచం మీద అన్న పేపరు చదువుతూనే ఉన్నాడు. "ఈ లెక్కలు భలే ఉన్నాయిరా. ఇంత తక్కువ డబ్బుతో మన హోటళ్ళు ఎలా నడుస్తున్నాయో ఎవడికీ అంతుబట్టడం లేదట."

వదిన పళ్ళెం తెచ్చి మరిది ముందు పెట్టింది. అతను చెయ్యి కడుక్కుని కూర్చున్నాడు కానీ పళ్ళెంలోకే చూస్తున్నాడు, ముద్ద కలపడం లేదు.

"తిను," అంది ఆమె. "ఎవరూ ముట్టుకోలేదు."

ఆ పూట తను తినలేదు. పెరట్లోకి పోయి, చెంబుడు నీళ్ళతో మళ్ళీ నోరు పుక్కిలించి, దొడ్డి గోడ అవతలికి ఉమ్మింది.