క్రూడాయిలు లారీ ఆగిపోయిన రోజు

నా చిన్నప్పుడు మా తాడేపల్లిగూడెం వైపు లారీలే తక్కువ. ఉన్న కాసినీ పెట్రోలుతో నడిచేవి. మిల్లు ఇంజనులాగా క్రూడాయిలుతో నడిచే లారీ మాత్రం మా పెదనాన్న నడిపేదొక్కటే. ఆయన పనిచేసే రైసు మిల్లు యజమాని దాన్ని మద్రాసు నుంచి పాతది కొని తెప్పించాడు. ఒకసారి అందుకుందంటే ఎంత బరువైనా లాగేది కానీ, పొద్దున్నే స్టార్టు కావాలంటే మాత్రం హ్యాండిలు తిప్పే మనిషి రెక్కలు పడిపోవాల్సిందే.

ఆ శ్రావణంలో మా అమ్మ ఏలూరు ఆసుపత్రిలో ప్రసవించింది. బిడ్డ దక్కలేదు. తమ్ముడని మాత్రం నాకు చెప్పారు, చూపించలేదు. నాన్న నాట్లు వదిలి రాలేకపోయాడు. నాయనమ్మా నేనూ అమ్మ దగ్గర ఉన్నాం. ఇంటికి పంపిస్తామన్న రోజున పెదనాన్న మిల్లుకి ఖాళీ గోనెసంచులు వేసుకెళ్ళడానికి ముందురోజే ఏలూరు వచ్చి ఉండి, మమ్మల్ని కూడా ఎక్కించుకున్నాడు. ఉంగుటూరులో దిగితే, అక్కణ్ణుంచి గణపవరం దగ్గర మా ఊరికి ఎడ్లబండి వస్తుందని ఏర్పాటు.

అమ్మకి సంచుల మీద పక్క వేశారు. ఆమె నిద్రపోలేదు, ఏడవనూ లేదు. ఆసుపత్రిలో కూడా ఏడవలేదు. ఎవరేం అడిగినా తల ఊపేది. నేను పక్కన కూర్చుని ఆమె పాదం పట్టుకున్నాను. అంతకంటే ఏం చెయ్యాలో నాకు తెలియలేదు.

ముందురోజు రాత్రంతా వాన. లారీ ఆయిలు టాంకు మూత నడుమ సన్నని బెజ్జం ఒకటుంది. అందులోంచి నీళ్ళు దిగి ఆయిల్లో కలిసినట్టున్నాయి. పొద్దున పెదనాన్నా క్లీనరూ ఎంత తిప్పినా లారీ అందుకోలేదు. చివరికి పెదనాన్న టాంకు అడుగున ఉన్న మర విప్పి, నీళ్ళు పోయేదాకా వదిలి, పైపులో చేరిన గాలి తీసి, ఎలాగో స్టార్టు చేశాడు. మళ్ళీ వానొస్తే ఇదే తంటా అని, బయలుదేరేముందు పాత సైకిలు ట్యూబు ముక్క మూత మీద కప్పి, పురికొసతో గట్టిగా కట్టేశాడు. అప్పటికే ఆయన చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది.

గుండుగొలను దాటగానే ఇంజను దగ్గుతూ దగ్గుతూ ఆగిపోయింది. ఆయిలు వెళ్ళే పైపు విప్పితే చుక్క రాలేదు. నీళ్ళలో చెత్త కూడా దిగిందేమోనని వడపోత గుడ్డ తీసి చూశాడు. శుభ్రంగానే ఉంది. కొంతసేపు కూర్చున్నాక మళ్ళీ విప్పి చూస్తే సన్నగా ధార వచ్చింది. గాలి బుడగలు పోయేదాకా వదిలి, పైపు బిగించి, హ్యాండిలు తిప్పితే స్టార్టయింది. భీమడోలు దాటాక మళ్ళీ అదే పని. ఈసారి ఆయిలు ఇత్తడి గ్లాసులోకి పట్టి, తేరేదాకా చూశాడు. అడుగున నీళ్ళు లేవు. ఆయిలు అమ్మినవాణ్ణి తిట్టుకున్నాడు. పైపు అతుకులు ఒక్కొక్కటీ తడిమి, మరలన్నీ మళ్ళీ బిగించాడు. కాసేపటికి లారీ ఏమీ ఎరగనట్టు కదిలింది.

పుళ్ళ ఊరు ఇంకా రాకుండానే మూడోసారి ఆగింది. అప్పటికి ఎండ నడినెత్తికొచ్చింది. తెచ్చుకున్న మంచినీళ్ళు అయిపోయాయి. కొల్లేటి వైపు నుంచి ఉక్కపోత తప్ప గాలి లేదు. క్లీనరు చక్రానికి చేరగిలబడి కళ్ళు మూసుకున్నాడు. మాది చర్చికి వెళ్ళే కుటుంబమే అయినా, ఒంట్లో ఓపిక అయిపోయిందంటే మా నాయనమ్మ నోటికి గడియలూ శకునాలూ వచ్చేవి. ఆమె కొంగుతో విసురుకుంటూ, ఎవరితోనూ కాదన్నట్టుగా అంది.

"ఏ గడియలో బయలుదేరామో. ఈ పిల్ల కాలు పెట్టినచోటల్లా ఇంతే అవుతోంది. కడుపులోదీ నిలవలేదు, ఎక్కిన బండీ కదలదు."

నాయనమ్మ చెడ్డ మనిషి కాదు. ఆసుపత్రిలో రోజుల తరబడి నేలమీద పడుకుని అమ్మకి గంజి తాగించింది ఆమే. కానీ ఆ మాట అమ్మ చెవిన పడింది. అమ్మ లేచి, సంచులు పట్టుకుంటూ మెల్లగా కిందికి దిగింది.

"మీరు బండిలో రండి అత్తయ్యా. నేను నడిచొస్తానండి" అంది. గొంతులో కోపం లేదు. ఆ మాట నిజమేనని ఆమె ఎప్పుడో ఒప్పేసుకున్నట్టు ఉంది. నేను కూడా దూకి వెనకాలే వెళ్ళాను. నడవడానికి ఆమెలో ఏముంది? పది బారలు కూడా వెళ్ళకుండానే కాలవగట్టున తుమ్మచెట్టు నీడలో కూలబడిపోయింది.

పెదనాన్న ఇదంతా చూశాడో లేదో నాకు అప్పుడు తెలియలేదు. ఇక చూడ్డానికి ఏమీ మిగలక, అసలు టాంకులో ఆయిలుందా అని కొలకర్ర పట్టుకుని వెళ్ళాడు. పురికొస విప్పకుండా, రబ్బరుతో సహా మూత తిప్పబోతే అది ఒక పట్టాన రాలేదు. గట్టిగా మెలిపెట్టేసరికి, పాము బుసకొట్టినట్టు లోపలికి గాలి పీల్చుకుంది. ఆ చప్పుడు నాకూ వినిపించింది. ఆయన మూత చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. తర్వాత క్లీనరుని లేపి పైపు విప్పమన్నాడు. ఆయిలు నిండుగా దూకింది.

వాన నీళ్ళు దిగకూడదని ఆయన కట్టిన రబ్బరే బెజ్జాన్ని మూసేసింది. ఆయిలు వెళ్ళేకొద్దీ దాని జాగాలోకి గాలి రావాలి. ఆ దారి లేక, కాస్త దూరం వెళ్ళేసరికి ఆయిలు రావడం మానేస్తోంది. ఆగి ఉన్నప్పుడు ఎక్కడో సందులోంచి గాలి కొద్దికొద్దిగా చేరి, ఆయిలు మళ్ళీ వస్తోంది. ఇదంతా ఆయన నాకు చాలా ఏళ్ళ తర్వాత చెప్పాడు.

ఆయన రబ్బరు పీకి పారేసి ఊరుకోవచ్చు. ఎవరూ అడిగేవారు కాదు. లారీ కదిలితే చాలన్నట్టున్నాం అందరం. కానీ ఆయన చేతులకి ఆయిలు మరకలతోనే తుమ్మచెట్టు దగ్గరికి నడిచి వచ్చాడు. మా అమ్మ కంగారుగా లేచి తప్పుకోబోయింది. బావగారి ఎదుట ఆమె ఎప్పుడూ నిలబడేది కాదు, ఆయనా ఆమెతో నేరుగా మాట్లాడి ఎరగడు. ఏం కావాలన్నా నా చేతే అడిగించేవాడు. ఆవేళ మాత్రం రెండు బారల దూరంలో ఆగి, నేలవైపు చూస్తూ ఆమెతోనే మాట్లాడాడు.

"నావల్లేనమ్మా ఇదంతా. పొద్దున మూత నేనే కట్టేశాను. పాపం ఆయిలు కొట్టువాణ్ణి ఊరికే తిట్టాను. నీవల్ల ఏం కాలేదు తల్లీ." తర్వాత ఇంకా మెల్లగా అన్నాడు. "ఆ బిడ్డ సంగతి కూడా. డాక్టరమ్మగార్ని నేను అడిగానమ్మా. తల్లి చేసిందేం లేదని చెప్పారు. నీకు ఎవరూ చెప్పలేదేమో."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత ఏడ్చింది. అంత ఏడుపు ఆ మనిషిలో ఉందని నాకు తెలియదు. పెదనాన్న వెనక్కి తిరిగి లారీ దగ్గరికి వెళ్ళిపోయాడు. నాయనమ్మ మా దగ్గరికి వచ్చింది. కొంగు కాలవలో తడిపి, అమ్మ ముఖం తుడిచి, "లే అమ్మా, ఎండగా ఉంది" అంది. కాలు పెట్టినచోటల్లా ఇంతే అన్న మాట మాత్రం ఆమె నోట మా ఇంట్లో మళ్ళీ ఎప్పుడూ వినలేదు.

లారీ ఉంగుటూరు దాకా ఆగకుండా వెళ్ళింది. అమ్మ సంచుల మీద నిద్రపోయింది. ఆసుపత్రికి వెళ్ళాక ఆమె అలా నిద్రపోవడం అదే మొదలు.

పెద్దయ్యాక నేను నర్సునయ్యాను. పురుడు పోసే గదిలోనే నా ఉద్యోగమంతా గడిచింది. బిడ్డ దక్కని తల్లులు కొందరు ఏడ్చేవారు, కొందరు మా అమ్మలాగా తల ఊపేవారు. కాళ్ళు పీకుతున్నా, డ్యూటీ అయిపోయి బయట బస్సు వెళ్ళిపోతున్నా, నేను స్టూలు లాక్కుని వాళ్ళ పక్కన కూర్చునేదాన్ని. ముందు డాక్టరు గారిని అడిగి, విషయం సరిగ్గా తెలుసుకుని, అప్పుడు చెప్పేదాన్ని. "నీవల్ల కాలేదు తల్లీ" అని. వాళ్ళు అడిగేదాకా ఆగేదాన్ని కాదు. అడిగే ధైర్యం వాళ్ళకి ఉండదని నాకు తెలుసు.