కొలతకి ఒక మనిషి

స్నేబ్యోర్న్‌కి ఉన్న పిచ్చి ఒక్కటే: మనిషి నిలబడని జలపాతాన్ని ఆయన చచ్చినా ఫొటో తీయడు. "పక్కన మనిషి లేకపోతే అది అరవై అడుగులదో ఆరడుగులదో ఎలా తెలుస్తుందయ్యా?" అంటాడు. మా ఐస్‌లాండ్‌లో జలపాతాలకేం కొదవ? కొదవల్లా కొలతకి నిలబడే మనుషులకే.

మా ఊరి వేడినీళ్ల కొలనుకి నేను కాపలాదారుని. సాయంత్రమైతే ఊరంతా అందులో మెడదాకా మునిగి కబుర్లాడుతుంది. స్నేబ్యోర్న్ ఎర్ర ఉన్ని స్వెటర్ చేతబట్టుకుని గుమ్మంలో కనబడ్డాడంటే, మెడదాకా ఉన్నవాళ్లంతా ముక్కుదాకా మునిగేవారు. ఒడ్డున కుర్చీలో ఉన్న నేను ఎక్కడికని మునగను? దొరికిపోయేవాణ్ణి.

దొరికినవాళ్లకి ఆ స్వెటర్ తొడిగి, జారుడుబండ మీద నిలబెట్టి, "ఇంకాస్త ఎడమకి" అంటూ గంటసేపు నానబెట్టేవాడు. తీరా ఫొటోలో మనం ఆవగింజంత. నా మొహం కనబడలేదేమని ఓసారి అడిగితే, "నీ మొహం ఎవడిక్కావాలి? ఎత్తు కావాలి గానీ" అన్నాడు.

నా భార్య నన్ను వదిలి వెళ్లిపోయిన ఏడాదైతే వారానికి రెండుసార్లు నన్నే లాక్కెళ్లాడు. తిట్టుకుంటూ వెళ్లేవాణ్ణి. తిరుగుదారిలో మాత్రం ఎక్కడలేని ఆకలి వేసేది. ఆయన కారులో ఎండుచేప, వెన్న ఎప్పుడూ సిద్ధం.

మా ఊళ్లోనే ఉండే హాల్‌బేరా భర్త పడవ మునిగి చనిపోయాడు. ఆవిడ చలికాలమంతా గడప దాటలేదు. స్నేబ్యోర్న్ వెళ్లి తలుపు తట్టి, "ఇవాళ సరిగ్గా నీ ఎత్తు మనిషి కావాలి" అన్నాడట. ఊరందరిలోకీ పొట్టి ఆవిడే. పొట్టివాళ్లు నిలబడితే జలపాతం పొడుగ్గా పడుతుందని నచ్చజెప్పి తీసుకెళ్లాడు.

పోయిన శరదృతువులో ఆయన కుక్క గార్పుర్ చచ్చిపోయింది. పద్నాలుగేళ్ల తోడు. రెండు వారాలు స్నేబ్యోర్న్ ఇంటి కిటికీ తెర తొలగలేదు, పిలిస్తే పలకలేదు. కొలనులో అందరికీ బెంగ పట్టుకుంది. అప్పుడు హాల్‌బేరా, ఆయన మనల్ని ఎప్పుడెప్పుడు తీసుకెళ్లాడో గుర్తు తెచ్చుకోండి అంది. ఒకడు ఉద్యోగం పోయినప్పుడన్నాడు. ఇంకొకతె తల్లిని మట్టి చేసిన వారమంది. నాకు అప్పటికి గాని వెలగలేదు. ఇన్నేళ్లు ఆయన్ని తిట్టుకున్నందుకు సిగ్గేసింది.

ఆదివారం పొద్దున్నే, నొక్కగానే ఫొటో బయటికొచ్చే నా డొక్కు కెమెరా పట్టుకుని హాల్‌బేరా, నేనూ వెళ్లి ఆయన తలుపు తట్టాం. చాలాసేపటికి తీశాడు. గడ్డం మాసి, మనిషి సగమయ్యాడు.

"ఇవాళ సరిగ్గా నీ ఎత్తు మనిషి కావాలి" అంది హాల్‌బేరా.

"ఆ మాట నాదేగా" అన్నాడు.

"అయితే ఇంకేం, స్వెటర్ తొడుక్కో."

కాసేపు మా ఇద్దర్నీ ఎగాదిగా చూసి, తొడుక్కున్నాడు. జలపాతం దగ్గర బండ మీద నిలబడ్డాక నన్ను ఎడమకి జరగమని, కెమెరా పట్టుకోవడం కూడా రాదని ఒకటే సణుగుడు. అది విని హాల్‌బేరా నవ్వింది, ఆయనా నవ్వాడు. నేను నొక్కేశాను.

ఫొటో నిండా తడిసిన గడ్డంతో ఆయన నవ్వుమొహమే. జలపాతం చెవి వెనకాల తెల్లటి గీతంత.

"జలపాతమేదయ్యా? దీంట్లో కొలతేం తెలుస్తుంది?" అని తిట్టి, ఫొటో జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు సాయంత్రం కొలను గుమ్మంలో ఎర్ర స్వెటర్ కనబడింది. అందరూ ముక్కుదాకా మునిగారు. నేను కుర్చీలోంచి లేచి బూట్లు తొడుక్కున్నాను.